ఉమ్మడి ప్రోగ్రాముల రచనా నియమాలు: రామగుండం గని నేలల అధ్యయనానికి అన్వయం

ఉపోద్ఘాతం

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఓపెన్‌కాస్టు గనుల నుంచి తీసిన ఓబీ మట్టి గుట్టలపై మొక్కలు నాటిన తరువాత, ఆ మట్టి సారవంతమైన నేలగా మారటానికి దశాబ్దాలు పడుతుంది. పరిశోధక విద్యార్థి విశ్వవిద్యాలయంలో ఉండేది కొద్ది సంవత్సరాలే. కాబట్టి నేల, వాన లెక్కలు కట్టే ప్రోగ్రాము చేతులు మారక తప్పదు. రాసినవారు అందుబాటులో లేకపోయినా అది అర్థం కావాలి.

పూర్వానుభవం

1983 మార్చిలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పలు దేశాల శాస్త్రవేత్తలు సమావేశమై, పంట ప్రయోగాలలో తప్పక నమోదు చేయవలసిన కనీస సమాచారాన్ని చర్చించారు. ఆ కృషిలో భాగంగా రూపొందిన డీఎస్‌ఎస్‌ఏటీ అనే పంట అనుకరణ సాఫ్ట్‌వేర్ 1989లో విడుదలైంది. విడివిడిగా రాసిన పంట నమూనాలను అనంతరం ఒకే చట్రంలోకి తెచ్చి తిరిగి రాశారు.

పాటించవలసిన నియమాలు

1. చరరాశి పేరులోనే పదార్థం, కొలమానం తెలియాలి. హెక్టారుకు 18 కిలోల భాస్వరం అంటే 41.2 కిలోల భాస్వర పెంటాక్సైడు (గుణకం 2.29). ‘పి’ అని మాత్రమే రాస్తే, మూలక రూపంలోని 18ని పెంటాక్సైడుగా భావించే ప్రమాదం ఉంది. అప్పుడు నేలలో ఉన్న భాస్వరంలో సగం కూడా లెక్కకు రాదు. రైతు అనవసరపు ఎరువు కొనవలసి వస్తుంది.

2. లోపించిన విలువకు ఒకే గుర్తు వాడాలి. డీఎస్‌ఎస్‌ఏటీలో అది -99. వాన కురవని రోజుకు సున్నా, కొలవని రోజుకు -99 రాయాలి; మొత్తం కట్టేముందు -99లను తొలగించాలి.

3. వ్యాఖ్యలో కారణం చెప్పాలి. ఉదయం 8.30తో ముగిసే 24 గంటల వర్షపాతాన్ని ఆ తేదీ కింద నమోదు చేయటం భారత వాతావరణ శాఖ పద్ధతి. అందువల్ల ప్రోగ్రాములో తేదీని ఒక రోజు వెనక్కు జరిపితే, ఆ కారణాన్ని పక్కనే రాయాలి. లేకుంటే తరువాతి విద్యార్థి దానిని పొరపాటుగా భావించి తొలగించవచ్చు.

4. చేతితో లెక్కించిన ఒక ఉదాహరణను ప్రోగ్రాముతో పాటు ఉంచాలి. ప్రతి మార్పు తరువాత ఫలితాన్ని దానితో సరిపోల్చి, మార్పు తేదీని, కారణాన్ని నమోదు చేయాలి.

ముగింపు

క్షేత్ర పుస్తకం లేని ప్రయోగాన్ని మనం అంగీకరించం. ప్రోగ్రాముకూ అదే కొలబద్ద వర్తించాలి. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు, జూనియర్ విద్యార్థి ఒకరు రచయితను ఏమీ అడగకుండా ఆ ప్రోగ్రామును నడిపి అదే ఫలితం రాబట్టగలగాలి.