కల్లు మండువలో నేర్చుకున్నవి

మా కండ్లకోయ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు జంక్షన్. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో ఆఖరి ముక్క 2018లో పూర్తయింది ఇక్కడే. నేను చెప్పబోయేది అంతకు చాలా ఏండ్ల ముందటి ముచ్చట. అప్పుడు మాది నాగపూర్ రోడ్డు పక్కన ఒక పల్లె. మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ద్రాక్ష తోటలుండేవి. పొద్దుగూకగానే తోటల కూలీలు, లారీ డ్రైవర్లు, గొర్ల కాపరులు ఈదుల్లోని కల్లు మండువకు చేరేవాళ్లు. మాది గీత పని చేసే ఇల్లు. లొట్లు మోయడం, తాటాకు రేకలు మడిచి ఇవ్వడం నా పని. చెవులు మాత్రం పాట మీదనే ఉండేవి.

ఇప్పటి పిల్లలు పబ్బుల్లో జానపద పాటల రాత్రి అంటే టికెట్ కొని పోతున్నారు. పోనీయండి, మంచిదే. వాళ్ల చెవిన నాలుగు మాటలు వేద్దామని ఇది రాస్తున్నా.

1. తప్ప తాగినోడు పాడలేడు.

కల్లు దగ్గర పాట అంటే తూలుతూ పాడేదని సినిమాలు నేర్పాయి. మా మండువలో మంచి గొంతున్న మనిషి మొదటి రేకతోనే ఆపేసేవాడు. పాట అయ్యాకే రెండోది. మత్తులో గొంతెత్తినవాణ్ణి రెండు చరణాల దాకా ఓర్చుకుని, “ఇగ కూసో బావా, గుడాలు తిను” అని ఎవరో ఒకరు చెయ్యి పట్టి కూర్చోబెట్టేవాళ్లు.

2. వేదిక లేకున్నా పాట నడుస్తుంది, వంత లేకుంటే నడవదు.

నేను నేర్చుకున్నవాటిలో పెద్దది ఇదే. డప్పు కొట్టే పెద్దాయన ముందుగా ఎండిన తాటి మట్టలతో చిన్న మంట వేసేవాడు. డప్పును ఆ సెగకు అటూ ఇటూ తిప్పుతూ, వేలితో మీటి చూసి, ఇంకా మెత్తగా ఉందని మళ్లీ కాపేవాడు. వానకాలంలో తోలు సాగిపోయి ఈ పని చానా సేపు పట్టేది. అందాక ఎవరూ తొందరపెట్టేవాళ్లు కాదు. తోలు బిగిశాక ఒక చేత సిర్ర, ఒక చేత చిటికెన పుల్ల. దరువు అందుకోగానే కూర్చున్నవాళ్లంతా వంతగాళ్లే.

గీత కార్మికుల మండువ కదా, ఎక్కువగా సర్వాయి పాపన్న పాటే అడిగేవాళ్లు. మొగలాయి దొరతనాన్ని ఎదిరించి 1710లో ప్రాణం ఇచ్చిన మనిషి ఆయన, కల్లుగీత కులంలో పుట్టినవాడు. ఆయన మీది పాటను జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లీషాయన 1874లోనే అచ్చు వేయించాడు. మా వాళ్లకు ఆ అచ్చు సంగతి తెలియదు. కానీ పాడేవాడు ఒక కోట పేరు తప్పు చెప్తే ముగ్గురు అడ్డం పడి సరిచేసేవాళ్లు. పాటను కాపాడింది పాడినోడు ఒక్కడే కాదు, విన్నోళ్లు కూడా.

పబ్బు అయితే ఇట్లా వంత కలిపి పాడుకోవడం కుదరదని నేననను. డబ్లిన్‌లో ఓడొనహ్యూస్ అనే పబ్బులో బల్లల చుట్టూ కూర్చుని పాడుకున్నవాళ్లే 1962లో ఒక బృందమై, తరువాత డబ్లినర్స్ అనే పేరు పెట్టుకున్నారు. మన దగ్గర మాత్రం స్పీకరు శబ్దానికి పక్కవాడు వంత పలికినా వినబడదు. ఒక్క పాటకైనా మైకు కట్టేయమని అడిగి చూడండి.

3. అడగకముందే ఇవ్వండి.

మండువకు పాటగాడు వస్తే కల్లు ఊరికే పోసేవాళ్లు, అది మర్యాద. పోయేటప్పుడు తలా కొంత వేసి చేతిలో పెట్టేవాళ్లు, అది కూలి. ఈ రెండింటినీ ఎవరూ కలపలేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రెండేండ్లకు ఆయన కూలి పనికి పోతున్నాడని పేపర్లలో చదివాం. శాలువాతో పొయ్యి వెలగదు. మీ పెండ్లికో, అపార్టుమెంటు పండుగకో కళాకారులను పిలిస్తే డబ్బు ముందే మాట్లాడుకుని ఆ రాత్రే చేతిలో పెట్టండి.

4. కథ కొసదాకా వినండి.

ఒగ్గు కథ మండువలో చెప్పేది కాదు. బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలు ముగ్గులతో పట్నాలు వేసిన చోట చెప్పేవాళ్లు, తెల్లవార్లూ సాగేవి. 2017లో పోయిన చుక్క సత్తయ్య గారి లాంటివాళ్లు జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టారు. ముప్పై సెకన్ల రీలు చూసి ఒగ్గు కథ విన్నానంటే ఒప్పుకోను.

5. మండువలో విన్నది ఊరి పాటలో సగమే.

ఆడవాళ్లూ కల్లు తాగేవాళ్లు, తెలంగాణలో అది వింతేమీ కాదు. కానీ వాళ్ల పాట మండువలో అరుదు. నాట్లలో, ఇసుర్రాయి దగ్గర, బతుకమ్మ చుట్టూ ఉండేది. మా ఊళ్లో గొంతంటే ఆమెదే అనిపించిన మనిషి నాటేసే కూలి. మొగవాళ్లం మండువను తలచుకుని మురిసిపోయేటప్పుడు ఆమెను లెక్కలోకి తీసుకోం.

6. పాటను పొగడండి, కల్లును పొగడకండి.

చెట్టు మీది నుంచి దించిన నీరా, కల్లు వేరు. మత్తు మందు కలిపిన సీసా వేరు. హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలను 2004లో మూసి, 2014లో మళ్లీ తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. మంచి కల్లు రోజుల్లో కూడా వారం కూలి మండువలో పోసి ఉత్త చేతులతో ఇల్లు చేరినవాళ్లను చూశాను. ఆ ఇంటి ఇల్లాలికి ఈ పాటలు తీపి గుర్తులు కావు.

7. పేరు రాసుకోండి.

బిరుదురాజు రామరాజు గారు ఊరూరూ తిరిగి సేకరించి రాసిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో అచ్చయింది. మీ జేబులో ఫోనుంది, మీకు అంత కష్టం లేదు. ఈ దసరాకు ఇంట్లో పెద్దవాళ్లను పాడమనండి. రికార్డు చేసేముందు అడగండి. పాడినవాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా వాళ్ల నోటనే చెప్పించి, ఆ తరువాతే ఎవరికైనా పంపండి.