తుడిచేయడానికి అది పలక కాదు

మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే చాలు, మళ్లీ కొత్త పలకే. సర్వర్ లాగ్ దగ్గర ఆ అలవాటే కొంప ముంచుతుంది.

లైనక్స్ అడ్మిన్, అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. జావా అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ ఉన్న సర్వర్‌లో ‘క్యాటలీనా డాట్ అవుట్’ అనే లాగ్ ఫైల్ 40 జీబీకి ఉబ్బి డిస్క్ నిండింది. ఏం చేస్తారు? ‘ఆర్‌ఎం కొట్టి తీసేస్తాం’ అన్నారంటే దొరికిపోయినట్టే. పేరు మాయమవుతుంది కానీ జాగా తిరిగి రాదు. టామ్‌క్యాట్ ఆ ఫైల్‌ను ఇంకా తెరిచే ఉంచుతుంది మరి. ఫైళ్ల సైజులు కూడే ‘డీయూ’ వాడకం తక్కువే అంటుంది, మొత్తం డిస్క్‌ను చూసే ‘డీఎఫ్’ నిండిందంటుంది. ఈ తకరారు ఎక్కడిదో, తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ‘ఎల్‌సాఫ్’ బయటపెడుతుంది.

కంభం చెరువుకు అలుగు ఎలాగో, డిస్క్ ఇలా నిండకుండా సర్వర్‌కు లాగ్‌రొటేట్ అనే పనిముట్టు అలాగ. పాత లాగ్‌ను పక్కకు తీసి, కుదించి, గడువు దాటినవాటిని వదిలేస్తుంది. గడువెంత? ఉబుంటులో మామూలుగా వచ్చే సెట్టింగ్ వారానికొకటి చొప్పున నాలుగు ఫైళ్లు, అంటే దాదాపు నెల. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. వారానికొకటి లెక్కన సెట్టింగ్‌లో నాలుగు చోట ఇరవై ఆరు రాయాలన్నమాట. ఇంటర్వ్యూలో ఈ ఒక్క లెక్క చెప్పినవాళ్లు గుర్తుండిపోతారు.

ప్యాకేజీలకూ చిట్టా ఉంటుంది. ఉబుంటులో ఏది ఏ నిమిషంలో ఎక్కిందో, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో ‘డీపీకేజీ డాట్ లాగ్’ చెబుతుంది. రాత్రి దాకా బాగున్న సైట్ తెల్లారేసరికి పడిపోతే మొదట తెరవాల్సింది దాన్నే. అయితే అందులోనూ అన్నీ దొరకవు. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు ప్యాకేజీల జాబితా మాత్రమే చూసి ఊరుకుంటే ప్రమాదమే, ఆ లైబ్రరీ అప్లికేషన్ల ‘వార్’ ఫైళ్ల లోపల కూడా ఉండేది. లాగ్ రాసే సరుకే దొంగకు తలుపు తీయడం విడ్డూరం.

కోడింగే లోకమనుకునే కుర్రాళ్లకు ఈ సర్వర్ల పని చప్పగా అనిపించొచ్చు, రాత్రి షిఫ్టులూ తప్పకపోవచ్చు. నేర్చుకోవడానికి మాత్రం హైదరాబాద్ బస్సెక్కక్కర్లేదు. ఉబుంటు, టామ్‌క్యాట్ రెండూ ఉచితమే. గిద్దలూరులో ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో వాటిని ఎక్కించి, బ్రౌజర్‌లో 8080 పోర్ట్ తెరిచి చూడొచ్చు. తర్వాత లాగ్‌ను కావాలనే ఉబ్బించి, ‘ఆర్‌ఎం’ కొట్టి, డీయూ, డీఎఫ్ చెప్పే అంకెలను పక్కపక్కన రాసుకోవాలి. టామ్‌క్యాట్‌ను ఆపి డీఎఫ్‌ను మళ్లీ అడిగితే, పోయిందనుకున్న జాగా అప్పుడు తిరిగొస్తుంది.