పాత మిద్దె కొని బాగుచేయించుకొనుట

శనగ కల్లమెత్తి, ధర కూడ పలికిన ఏడాది మన గ్రామములలో రెండు బేరములు మొదలగును. ఒకటి ట్రాక్టరు బేరము, రెండవది ఇంటి బేరము. ట్రాక్టరు కొనువారు నలుగురిని అడిగి, ఒకమారు నడిపి చూచి కాని రూకలు తీయరు. అదే మనిషి ఇల్లు కొనునపుడు కొత్తగా సున్నము కొట్టిన గోడను, వాకిటిలోని వేపచెట్టును చూచి సాయంకాలమునకు బయానా ఇచ్చివేయును. ట్రాక్టరు చెడిన మెకానికు వచ్చును. ఇల్లు చెడిన దాని క్రింద పడుకొన్నవారి గతి ఏమి? కర్నూలు, అనంతపురము, కడప ప్రాంతములలో రాతిగోడలపై మట్టికప్పు వేసిన పాత మిద్దెలు నేటికిని చాల ఉన్నవి. అట్టి దానిని కొనదలచినవారు ముందుగా తెలిసికొనవలసిన సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాను.

ఇంటిని ఒక వానలో చూచినవారికి నష్టము తక్కువ. బేరములు వేసవిలోనే కుదురును గనుక అది అందరికి వీలుపడదు. అప్పుడు వాన విడిచిపోయిన గుర్తులను వెదకవలెను. దూలముల వెంట దిగిన గోధుమరంగు చారలు, మూలలలో ఉబ్బిన పూత, గోడ అడుగున తెల్లగా పూచిన ఉప్పు - ఇవి సున్నము క్రింద కూడ దాగవు. ఇల్లంతయు పాతగా ఉండి ఒక్క గోడకు మాత్రము కొత్త పూత ఉన్నచో, ఆ గోడను గురించియే అడుగవలెను.

నల్లరేగడిలో కట్టిన ఇండ్లకు పగుళ్లు ఉండుట సామాన్యము. ఆ నేల తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొనిపోవును. వేసవిలో వేలు దూరు పగులు వానకాలములో మూసికొనుచున్నచో అది నేల చేయుచున్న పని. పునాది ప్రక్కన నీరు నిలువకుండ చేసిన చాలవరకు తగ్గును. ఏ కాలమునందైనను పెరుగుచునే ఉన్న పగులు వేరు. పగులు రెండు ప్రక్కల పెన్సిలుతో గుర్తులు పెట్టి, మధ్య దూరమును కొలిచి, తేదీతో గోడమీదనే వ్రాసి ఉంచవలెను. రెండు మూడు నెలలు చూచిన అది ఏ జాతి పగులో తేలును.

ఇక కాగితముల సంగతి. వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి క్రయమునకు రిజిస్టరు దస్తావేజు ఉండి తీరవలెను. తెల్లకాగితముపై వ్రాసికొన్న బైనామాను నమ్మి ఇల్లు బాగుచేయుటకు దిగరాదు. గ్రామకంఠములోని ఇండ్లకు పొలమునకు వలె పట్టా ఉండదు గనుక పాత దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు, చుట్టుప్రక్కలవారి మాట - ఈ మూడును కలిసి వచ్చుచున్నవో లేదో చూడవలెను. రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చు ఇ.సి. తప్పక తీసికొనవలెను. కాని అందులో రిజిస్టరయిన లావాదేవీలే కనబడును. అన్నదమ్ముల నోటి పంపకము అందులో ఉండదు.

ఆడపడుచుల సంతకము విషయములో మనవారు చేయు పొరపాటు చాల పెద్దది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేక చనిపోయిన తండ్రి ఆస్తిలో కుమార్తెకు వాటా కలదు. ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానమైన హక్కును 1986లో మన రాష్ట్రమున పెండ్లి కాని కుమార్తెలకును, 2005లో దేశమంతట కుమార్తెలకును చట్టము ఇచ్చినది. నాకు తెలిసిన ఒక రైతు ముగ్గురు అన్నదమ్ముల సంతకములతో మిద్దె కొనెను. కప్పు మార్చి, బండలు పరచి, గృహప్రవేశము చేసిన తరువాత బళ్లారి ప్రక్కన ఇచ్చిన వారి చెల్లెలి నోటీసు వచ్చినది. ఆమె అడిగినది న్యాయమే. అన్నలు పైకము పంచుకొని ఖర్చుపెట్టుకొనిరి. చివరకు ఈయనయే ఆ వాటాకు మరల వెల చెల్లించి, ఆ ఏడు విత్తనమునకు అప్పు చేసెను. అమ్మువారి కుటుంబములో ఎవరెవరు ఉన్నారో గ్రామములో అడిగిన ఒక పూటలో తెలిసిపోవు సంగతి ఇది.

మిద్దెనీరు ఎవరి స్థలములో పడుచున్నదో కూడ అప్పుడే చూచుకొనవలెను. ఇరవై ఏండ్లుగా అడ్డులేక, బహిరంగముగా పారుచున్న నీటికి హక్కు ఏర్పడును. కొన్న తరువాత పొరుగువాని తూమును మూయబోయిన తగవు కోర్టుదాక పోవును.

ఇప్పుడు కప్పునకు వత్తము. దూలములపై దంతెలు, వాటిపై బండలో తడకలో పరచి, పైన మట్టి వేసి, ఆ పైన చౌడు పరచుట మనవారి పద్ధతి. చౌడులోని సోడియము వలన అందలి బంకమట్టి తడిసినపుడు మెత్తగా విడిపోయి, సందులన్నియు పూడ్చుకొని నీటిని దిగనీయదు. పెద్దలకు రసాయనశాస్త్రము తెలియకపోయినను ఈ గుణము తెలియును. ఐతే కప్పు కారినప్పుడెల్ల మరికొంత మట్టి ఎత్తిపోయుచు వచ్చిరి. తాతనాడు జానెడు ఉన్న కప్పు మనుమని నాటికి మూరెడయినది.

దాని బరువెంతో లెక్కవేసి చూతము. ఘనపుటడుగు ఎండుమట్టి ఇంచుమించు 45 కిలోలు తూగును. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదిపై అడుగు మందము మట్టి ఉన్నచో అది 120 ఘనపుటడుగులు, అనగా 5,400 కిలోలు. మన తలలపై అయిదు టన్నులకు పైగా ఉన్నదన్నమాట. నాలుగు రోజులు ముసురు పట్టిన నీటి బరువు దానికి కలియును. అదే సమయమున గోడలోని మట్టి అడుసు మెత్తబడును. మిద్దెలు వానకాలపు రాత్రులలో కూలుటకు కారణమిదే. అట్టి ఇంటిలో పిల్లలను పడుకొనబెట్టి రేపు మాపు అనుచుండుట తగదు.

కప్పు దించునపుడు ఒక ప్రక్కనుండి మొత్తము తోడుకొని పోరాదు. బరువు ఒకవైపే మిగిలి గోడ త్రోసికొనిపోవును. క్రింద గుంజలు నిలిపి, రెండు ప్రక్కల సమముగ పలుచన చేయుచు రావలెను. దించిన చౌడును పొలమునకు తోలరాదు. పాటిమన్ను వంటిదే కదా యని కొందరు తోలుదురు. కప్పుపై నీటిని ఆపిన గుణమే చేనిలోను నీటిని దిగనీయక నేలను పాడుచేయును. దానిని దారి గుంతలకు వాడుకొనవచ్చును.

దూలము నడుమ ఎంత నున్నగా ఉన్నను నమ్మరాదు. గోడలో దూరిన కొనలను తవ్వించి చూడవలెను. తడి తగులునది, చెదలు పట్టునది అక్కడనే. సుత్తితో తట్టిన బొల్లుమని పలికినను, సన్నని ఉలి అరంగుళము సులువుగా దిగినను ఆ దూలము పనికిరాదు. చెదలకు ఆల్డ్రిన్ పొడి చల్లుట వెనుకటి అలవాటు. ఆ మందు నిషేధింపబడినది. ఇప్పుడు గోడ, నేల కలియుచోట అడుగునకొకటి చొప్పున రంధ్రములు వేసి, చెదలకై అమ్ము మందును సీసాపై వ్రాసిన మోతాదులో నీటికి కలిపి, రంధ్రమునకు లీటరు వరకు పట్టింతురు. పొలమునకు తెచ్చిన పురుగుమందును ఇంటిలో పోయరాదు.

పాత కప్పునకు బదులు సిమెంటు స్లాబు వేయవచ్చునా యని అడుగుదురు. అయిదంగుళముల స్లాబు అదే గదికి మూడున్నర టన్నులుండును; అడుగు మట్టి కంటె తేలికయే. కాని మట్టి అడుసుతో పేర్చిన గోడపై స్లాబును నేరుగా ఆనించరాదు. గోడల తలపై చుట్టును ఇనుపకమ్మీలతో కాంక్రీటు పట్టీ వేసి దానిపై ఆనించవలెను. దానిమీద మరియొక అంతస్తు లేపుదమను ఆలోచన మాత్రము వదలుకొనవలెను. రోహిణి కార్తె ఎండలో స్లాబు వేయించువారు పదునాలుగు రోజులైనను నీరు నిలువగట్టనిచో ఆ సిమెంటు వృథా.

నేను స్వయముగ చేసిన తప్పొకటి చెప్పెదను. నా మిద్దె గోడలకు అడుగుభాగమున తడి ఉండగా, గట్టిగా ఉండునని సిమెంటు పూత పూయించితిని. మేస్త్రీ వద్దనలేదు; అతనికి పని. మరుసటి వానకాలమునకు తడి పూత వెనుకనే ఎక్కి, పూత అంచు దాటి పైన కనబడెను. మరుయేటికి పూత పలకలు పలకలుగా ఊడెను. మట్టిగోడ, రాతిగోడ తడిని పీల్చును, విడుచును. సిమెంటు దానిని విడువనీయదు. మరల చెక్కించి, గానుగ సున్నముతో పూయించినప్పటి నుండి గోడ ఆరుచున్నది. అదే పనికి రెండుమార్లు కూలి పోసితిని.

నేలను గురించి ఒక హెచ్చరిక. ఇంటిలో ఒకచోట బండలు కుంగి, తట్టిన డొల్లగా మ్రోగుచున్నచో అక్కడ పాత జొన్న పాతర ఉండవచ్చును. మూత తీయగానే మనిషిని దింపరాదు. ఏండ్ల తరబడి మూసిన పాతరలో ప్రాణవాయువు ఉండదు. దిగినవాడు కేక వేయకయే పడిపోవును, అతనిని లాగబోయినవాడును పడిపోవును. నోరు తెరచి, కొన్ని దినములు గాలి సోకనిచ్చి, పైనుండియే గరుసు పోసి, జానెడు జానెడుకు నీరు చల్లి దిమ్మిస కొట్టించుచు నింపవలెను. దిగవలసిన పనియే లేదు.

డబ్బు విషయము. ఇల్లు కొనుటకు ఉన్నదంతయు ఊడ్చి ఇచ్చినచో బాగుచేయుటకు పంటఋణము మీద చేయి పడును. మేస్త్రీ చెప్పిన అంచనాకు మూడవవంతు అదనముగ చేతిలో ఉన్నప్పుడే కప్పు విప్పవలెను. విప్పిన కప్పు మృగశిర లోపల మూయబడనిచో ఆ గోడలు వానపాలగును. కనుక సంక్రాంతి దాటగానే మొదలిడి, మార్చిలో కప్పు పూర్తియగునట్లు చూచుకొనవలెను. పూతలు, బండలు, తలుపులు మరుయేటికైన ఆగును. బేతంచెర్ల బండలు ఎక్కడికిని పోవు.

మేస్త్రీతో కొలత, ధర, ఏ సరకు ఎవరు తేవలెనో కాగితముపై వ్రాసికొని, పదవవంతు పైకమును మొదటి పెద్దవాన వరకు నిలిపి ఉంచవలెను. ఆ వాన రాత్రి లాంతరో టార్చిలైటో పట్టుకొని గదులన్ని తిరిగి, తడి కనబడినచోట బొగ్గుతో గీత గీసి తేదీ వేసి ఉంచుడు. తెల్లవారి మేస్త్రీని పిలిచి ఆ గీతలు చూపి, అవి సరిచేసిన తరువాత బాకీ ఇచ్చి పంపవచ్చును.