సెషన్ లింకు పంపే ముందు

ఇక్కడ రాత్రి పదిన్నర, డల్లాస్‌లో ఉన్నాయనకి లంచ్ టైమ్. జీతం లేని ఓ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కోసం ఇద్దరూ బగ్ వెతకాలి. వీఎస్ కోడ్‌లో ఇద్దరూ కలిసి దిద్దే లైవ్ షేర్ లింకు తీసి గ్రూపులో పడేయబోతారు. పడేయకండి. ఆ ఒక్క మనిషికే పంపండి. హోస్ట్ మీరు, ఫైళ్లున్నది మీ మెషీన్‌లో. గెస్టుగా వచ్చినవాళ్లు కొట్టే ప్రతి అక్షరం మీ డిస్కు మీదే పడుతుంది. చూసి పోయేవాళ్లకు రీడ్-ఓన్లీ చాలు. టెర్మినల్‌లో రాసే హక్కు అసలే వద్దు.

టెర్మినల్ ఇవ్వలేదుగా అని ధీమా పడొద్దు. మీరు లాగిన్ ఫైల్లో తలమునకలై ఉండగా గెస్ట్ ప్యాకేజ్ డాట్ జేసన్ తెరిచి, టెస్ట్ స్క్రిప్టు పక్కన ఇంకో కమాండ్ చేర్చాడనుకోండి. మీరు అలవాటు కొద్దీ ఎన్‌పీఎం టెస్ట్ కొడతారు. దాన్ని నడిపించింది మీ చెయ్యే. ఏది రన్ చేసినా ముందు గిట్ డిఫ్ చూడండి. ఇద్దరూ ముట్టుకోవాల్సిన పనిలేని ఫైల్ పేరు కనిపిస్తే అక్కడే ఆగి అడగండి. తెలిసినవాళ్లే కదా అంటారా? లైవ్ సెషన్‌తో సంబంధం లేకపోయినా, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో 2024 మార్చిలో బయటపడ్డ బ్యాక్‌డోర్‌ను గుర్తు చేసుకోండి. అది పెట్టిన ఖాతా రెండేళ్లకు పైగా ఓపిగ్గా ప్యాచ్‌లు పంపి నమ్మకం సంపాదించినదే.

నాకు తగిలిన దెబ్బ వేరు. డేటాబేస్ పేరు సరిచూద్దామని డాట్ ఈఎన్‌వీ ఫైల్ తెరిచాను. నా కర్సర్ వెంటే వచ్చే ఫాలో మోడ్‌లో ఉన్న మిత్రుడి తెర మీదా అదే తెరుచుకుంది. "గురూ, పాస్‌వర్డ్ కనబడుతోంది" అన్నాడు. గిట్‌ఇగ్నోర్‌లో ఉందిగా అనుకున్నా. అలాంటి ఫైళ్లను లైవ్ షేర్ గెస్ట్ జాబితాలోంచి దాస్తుందంతే. హోస్టే తెరిస్తే చూపించేస్తుంది. డాట్ వీఎస్ఎల్ఎస్ డాట్ జేసన్‌లో ఎక్స్‌క్లూడ్ ఫైల్స్ కింద రాస్తే ఫాలో మోడ్‌లో కూడా గెస్ట్‌కు తెరుచుకోదు. కంటపడ్డ పాస్‌వర్డ్‌ను మార్చాల్సిందే, ఫైల్ మూసేస్తే సరిపోదు. ఆ రాత్రి మార్చాకే పడుకున్నా.

ఒకే ఫంక్షన్‌లో ఇద్దరూ చేతులు పెట్టకండి. 1989లో ఎల్లిస్, గిబ్స్ చెప్పిన ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ మొదలు ఇప్పటి సీఆర్‌డీటీల దాకా, ఇద్దరి మార్పులను కలిపే పద్ధతులేవైనా కలిపేది అక్షరాలనే, అర్థాన్ని కాదు. మీరు పైన 'టోటల్' పేరు మారుస్తుంటారు, ఆయన కింద పాత పేరే వాడేస్తాడు. కర్సర్లు రెండూ హాయిగా కదులుతాయి, ప్రోగ్రామ్ పడిపోతుంది.

వేరే బ్రాంచిలో పనిచేయండి, గంటకోసారైనా కమిట్ చేసి పుష్ చేయండి. హోస్ట్ ఇంట్లో కరెంటు పోతే గెస్ట్ దగ్గర ఏమీ మిగలదు. కమిట్ సందేశం అడుగున కో-ఆథర్డ్-బై వరుస మరవకండి. వాలంటీరుకు దక్కే కూలీ అదే.

మాట్లాడే కాల్ వేరు, సెషన్ వేరు. కాల్ కట్ చేసి ల్యాప్‌టాప్ అలాగే వదిలి నిద్రపోతే సెషన్ తెరిచే ఉంటుంది. ముందు స్టాప్ నొక్కి, పాల్గొన్నవాళ్ల జాబితా ఖాళీ అయిందని చూసి, అప్పుడు గుడ్ నైట్ చెప్పండి.