మూషిక జింక సంరక్షణలో జన్యు మార్కర్ల పాత్ర

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రయోగశాలల్లో కంది, శనగ, వేరుశనగ రకాల మధ్య భేదాలను గుర్తించుటకు వాడిన మైక్రోశాటిలైట్ మార్కర్లు వ్యవసాయ విద్యార్థులకు సుపరిచితములే. అదే సాధనం హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి అనుబంధమైన లాకోన్స్ ప్రయోగశాలలో వన్యప్రాణుల పరిరక్షణకు ఉపకరించుచున్నది. ఇందుకు మూషిక జింక మంచి ఉదాహరణ.

జంతువు పరిచయం: మూషిక జింక (మోస్కియోలా ఇండికా) సుమారు మూడు కిలోల బరువుండే నిశాచరి. దీనికి కొమ్ములుండవు. శాస్త్రరీత్యా ఇది జింకల కుటుంబమైన సెర్విడేకు గాక ట్రాగులిడే కుటుంబానికి చెందినది. వేట వలన, అడవుల క్షీణత వలన పలుచోట్ల దీని సంఖ్య తగ్గినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని మొదటి షెడ్యూలులో చేర్చినది.

సంరక్షణ ప్రజననం: నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2010లో రెండు మగ, నాలుగు ఆడ జంతువులతో ఈ కార్యక్రమం ఆరంభమైనది. కొన్నేళ్లలో వాటి సంఖ్య రెండు వందలు దాటినది. 2017లో ఎనిమిది జంతువులను అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచిపెట్టారు.

సంఖ్య వేరు, వైవిధ్యం వేరు: ఆరు జంతువులలో ఒక జన్యుస్థానం వద్ద గరిష్ఠంగా 12 యుగ్మవికల్పాలే ఉండగలవు. అడవిలో 5 శాతం పౌనఃపున్యం గల యుగ్మవికల్పం ఈ ఆరింటిలో అసలు లేకపోయే సంభావ్యత దాదాపు 54 శాతం. మగ, ఆడ సంఖ్యల లబ్ధాన్ని నాలుగుతో గుణించి, వాటి మొత్తంతో భాగించినచో ప్రభావక జనాభా లభించును. ఇచ్చట అది 5.3 మాత్రమే. అనగా తొలి తరంలోనే అంతఃప్రజననం సుమారు 9 శాతం పెరుగును. మంద ఎంత పెరిగినా, ఆదిలో రాని యుగ్మవికల్పం తిరిగి రాదు.

మార్కర్ల ఉపయోగం: రాలిన పెంటికలు, వెంట్రుకల నుండి డి.ఎన్.ఎ.ను సేకరించవచ్చును గనుక జంతువును పట్టవలసిన పని లేదు. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి జన్యువు జాతిని తెలుపును. మైక్రోశాటిలైట్లు తల్లిదండ్రులను, బంధుత్వాన్ని తెలుపును. దగ్గరి బంధువులను జతపరచకుండుటకు, విడుదలకు తగిన జంతువులను ఎంచుటకు ఈ సమాచారమే ఆధారం. అయితే ఈ మార్కర్లు సాధారణంగా తటస్థములు. రోగనిరోధక శక్తి వంటి లక్షణాలను అవి నేరుగా సూచించవు.

విస్తరణ శాస్త్రవేత్తలకు: ఈ సూత్రం సంగారెడ్డి ప్రాంతపు దక్కని గొర్రెల మందలకూ వర్తించును. నలభై గొర్రెలకు ఒకే పొట్టేలు ఉన్నచో ప్రభావక జనాభా 3.9 మాత్రమే. బంధుత్వం లేని రెండవ పొట్టేలును చేర్చినచో అది 7.6 అగును. కాపరికి మార్కర్ల గురించి చెప్పనవసరం లేదు. మందలో పుట్టిన పొట్టేలునే విత్తనానికి ఉంచరాదని, సకాలంలో మార్చుకోవలెనని చెప్పిన చాలును.