దసలి పురుగు, క్యాబేజీ సీతాకోకచిలుక

రెక్కల పురుగు కనబడగానే పంటకు చేటని కొందరు, అందముగా నున్నది గనుక హాని చేయదని కొందరు తలచెదరు. రెండును సరికావు. దాని గొంగళి పురుగు ఏ ఆకు తినునో, దానివలన మనకు లాభమో నష్టమో చూచి నిర్ణయించవలెను. ఇందుకు రెండు పురుగులను పోల్చి చూతము.

దసలి పురుగు: తెలంగాణలోని మహదేవపూర్, చెన్నూరు అడవులలో మద్ది చెట్లపై పెరుగును. రెక్కలు చాచిన సుమారు 6 అంగుళముల వెడల్పు. ప్రతి రెక్కపై అద్దము వంటి గుండ్రని మచ్చ ఒకటి కలదు. మీసములు ఈకల వలె నుండును. రాత్రివేళ తిరుగును. తల్లి పురుగు ఆహారమేమియు తినదు. గ్రుడ్లు పెట్టి కొద్ది దినములలో చనిపోవును. ఆకుపచ్చని గొంగళి మద్ది ఆకు తిని, కొమ్మకు కాడతో వ్రేలాడు గట్టి కాయ కట్టును. దసలి పట్టు ఈ కాయ నుండియే వచ్చును.

క్యాబేజీ సీతాకోకచిలుక: ఇది ఉత్తర భారతపు పురుగు. చలికాలమున మైదానములలో నుండి, వేసవిలో హిమాలయ ప్రాంతపు కొండలకు పోవును. వెడల్పు సుమారు 2½ అంగుళములే. రెక్కలు తెలుపు, ముందు రెక్కల కొనలు నలుపు. మీసముల చివర గుండుసూది తల వలె లావుగా నుండును. పగటివేళ పూలతేనె త్రాగును. ఆకులపై పసుపుపచ్చని గ్రుడ్లను గుంపుగా పెట్టును. గొంగళులు క్యాబేజీ, కాలీఫ్లవరు, ఆవ ఆకులను ఈనెలు మిగులునట్లు తినివేయును. ఇది కాయ కట్టదు. నడుమునకు ఒక దారపు పోగు చుట్టుకొని ప్యూపాగా మారును.

అక్కడి రైతులు గ్రుడ్ల గుంపులను, గుంపుగా నున్న పిల్ల పురుగులను ఆకుతో సహా గిల్లి నాశనము చేయవలెను. గొంగళి ప్రక్కన కుప్పగా పసుపుపచ్చని చిన్న గూళ్లున్న తీయరాదు. అవి గొంగళిని చంపు చిన్న కందిరీగ జాతి పురుగు గూళ్లు; రైతుకు మేలు చేయును.

ఒకటి పట్టు నిచ్చును, మరొకటి పంట తినును. మద్ది చెట్ల దగ్గర ప్రత్తి పొలములు గల రైతులు మందు చల్లునపుడు గాలి వాటము గమనించవలెను. మందు మద్ది ఆకుపై పడిన, దసలి పురుగులు చచ్చి సాగుదారుని కష్టమంతయు వృథా యగును. చెట్లపై పురుగులున్న దినములను గ్రామోద్యోగులు ముందుగా రైతులకు తెలియజేయవలెను.