ముందుచూపు నేర్పిన పాఠాలు

జంషెడ్‌పూర్‌లో పుట్టి, ఇక్కడి ఆర్‌ఐటీలో (ఇప్పటి ఎన్‌ఐటీ) చదివి, ఉద్యోగమంతా బెంగళూరులో జెట్ ఇంజన్ల కంట్రోల్ పనిలో గడిపాను. రిటైరయ్యాక కద్మాకు తిరిగొచ్చాను. ఆ దారిలో వెళ్లాలనుకునే మన పిల్లల కోసం ఈ ఐదు మాటలు.

1. యంత్రం తొందరను బట్టే ఆలోచన సాగాలి.
మన ఊరి బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ పాళ్లు మారిస్తే ఫలితం తేలడానికి గంటలు పడుతుంది. యంత్రం ముందు ముందు ఎలా నడుస్తుందో మోడల్‌తో లెక్కగట్టి నడిపే ప్రెడిక్టివ్ కంట్రోల్ 1970లలో అలాంటి నిదానమైన చోటే, చమురు శుద్ధి కర్మాగారాల్లో ఎదిగింది. అక్కడ లెక్కకు నిమిషాల వ్యవధి ఉంటుంది. ఇంజన్ కంప్యూటర్‌కు దక్కేది మిల్లీసెకన్లే. వయసులో భారీ మోడళ్లు రాసి మురిసిపోయాను, అవేవీ కాగితం దాటలేదు. వేళకు అందని జవాబు ఎంత కచ్చితమైనదైనా నిరుపయోగమే.

2. హద్దులన్నిటినీ కలిపి చూడాలి.
పైలట్ థ్రాటిల్ తోశాడని ఇంధనం గుమ్మరిస్తే కంప్రెసర్‌లో గాలి వెనక్కి తన్నవచ్చు, టర్బైన్ బ్లేడ్లు మితిమీరి కాగవచ్చు. హఠాత్తుగా తగ్గిస్తే మంట ఆరిపోవచ్చు. పాత పద్ధతిలో ఒక్కో హద్దుకు ఒక్కో రెగ్యులేటర్ కాపలా. భద్రతకు లోటుండదు, కానీ ఇంజన్ సత్తా కొంత వాడకుండానే మిగిలిపోతుంది. ముందుచూపున్న కంట్రోలర్ రాబోయే హద్దును పసిగట్టి, ఇంధనాన్నీ నాజిల్ వైశాల్యాన్నీ జతగా సర్దుతుంది.

3. దూరం చూడు, ఒక్క అడుగే వెయ్యి.
కంట్రోలర్ రాబోయే ఎన్నో అడుగులకు పథకం వేస్తుంది. అమలు చేసేది మొదటిదే. సెన్సర్ల కొత్త కబురు రాగానే మిగతాది చెరిపేసి మళ్లీ లెక్క కడుతుంది. వేసిన పథకానికి కట్టుబడటమే పట్టుదల అని నమ్మిన నాకు ఇది ఆలస్యంగా తలకెక్కింది.

4. ఇంజన్‌తో పాటు మోడల్‌కూ వయసు రావాలి.
టర్బైన్ ముఖద్వారం దగ్గరి వేడికి సెన్సర్ ఎక్కువకాలం తాళదు. అందుకే వెనక దొరికే ఉష్ణోగ్రత, వేగం, పీడనాల నుంచి కాల్మన్ ఫిల్టర్ అనే గణిత పద్ధతితో ఆ వేడిని అంచనా కడతాం. బ్లేడ్లు అరిగేకొద్దీ అదే థ్రస్ట్‌కు వేడి పెరుగుతుంది. కొత్త ఇంజన్ లెక్కలను పాత ఇంజన్‌కు అంటగడితే అంచనా గురి తప్పుతుంది.

5. ఫలితం మన సర్వీసులోనే రావాలని లేదు.
1989లో మంజూరైన మన దేశపు కావేరి జెట్ ఇంజన్ 2008లో తేజస్ యుద్ధవిమానానికి దూరమైంది. 2010 నవంబరులో మాస్కో దగ్గర ఇల్యూషిన్-76 విమానానికి అమర్చగా గాల్లోకి లేచింది. ఆ మధ్యకాలంలో ఎందరో విసిగి వేరే దారి పట్టారు. వాళ్ల అనుభవం వాళ్లతోనే వెళ్లిపోయిందన్నదే నా బాధ. కాబట్టి ప్రతి పరీక్షనూ తేదీతో, విఫలమైతే కారణంతో సహా రాసిపెట్టండి. తర్వాత వచ్చేవాళ్ల మోడల్ అక్కడి నుంచే మొదలవుతుంది.